గుండ్రని ఉంగరాన్ని అరగదీసిన మనిషి

ఆయన మరణవార్త నాకు తెలియజేసిన వ్యక్తి ఫోను పెట్టేసే ముందు "మంచి చెయ్యి పోయిందండీ" అన్నాడు. ఏలూరులోను, కైకలూరు దారిలోను ఆ వారమంతా అదే మాట వినిపించింది. సంస్మరణ సభ పెడుతున్నామని, నాలుగు మాటలు మాట్లాడమని ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికి వచ్చారు. రానని చెప్పాను. నాకు ఒంట్లో బాగోలేదనుకుని వారు పరామర్శించి వెళ్లారు. నా ఆరోగ్యం బాగానే ఉంది. పోయినవారి సభలో నిలబడి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నిజం చెప్పడం అక్కడ మర్యాద కాదు. అందువల్ల ఇక్కడ రాస్తున్నాను. పేరు రాయను. ఆ దారిలో కార్లు నడిపేవారికి పేరు చెప్పనక్కరలేదు. మిగిలినవారికి దానితో పని లేదు.

ఏలూరు దాటి కొల్లేరు వైపు వెళ్లే రోడ్డు పక్కన ఆయన మెకానిక్ షెడ్డు ఉండేది. చేపల లారీలు అక్కడ ఆగేవి. వాటి అడుగునుంచి కారే మంచునీరు, డీజిలు, చేపల మేత బస్తాల పొడి కలిసి షెడ్డు ముందు నేల ఎల్లప్పుడూ నల్లగా, జిగటగా ఉండేది. నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు బాధ్యతలు నిర్వహించి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. ప్రతి పనిముట్టుకు గోడ మీద ఒక మేకు, ఆ మేకు కింద ఆ పనిముట్టు ఆకారంలో నల్లరంగు నీడ ఉండాలని నా నియమం. సాయంత్రం గంట కొట్టేసరికి ఏ నీడా ఖాళీగా కనిపించకూడదు. మా ఇంటి వెనుక గదిలో ఇప్పటికీ అదే పద్ధతి. ఒకసారి ఏదో పని మీద వచ్చి ఆ గోడను చూసిన ఆయన, బయటకు వెళ్లి అందరితో చెప్పాడు: "మాస్టారి దగ్గర నీడలు కూడా డ్యూటీ చేస్తాయండీ. సెలవు కూడా ఇవ్వరు." ఆ మాట నాకంటే ముందే ప్రతి టీకొట్టుకూ చేరేది.

ఆయన బల్ల మీద బోల్టులు బిర్యానీ డబ్బాల్లో ఉండేవి. వాటిని కడిగి పెట్టేవాడు కాదు. బోల్టు కోసం చెయ్యి పెడితే ఎండిపోయిన మెతుకులు కూడా వచ్చేవి. ఒకే గుడ్డ భుజం మీద వేలాడేది. దానితో ఇంజన్ ఆయిలు తుడిచేవాడు, దానితోనే ముఖం తుడుచుకునేవాడు, ఎవరైనా మర్యాదస్తులు వస్తే టీ గ్లాసు అంచును కూడా దానితోనే తుడిచి అందించేవాడు. మధ్యాహ్నం ఎవరిదో కారు బానెట్టు మీద క్యారేజీ విప్పుకుని చేపల పులుసు తినేవాడు. ముళ్లను చక్రం మూతలో వేసి పిల్లికి పెట్టేవాడు. ఆ తర్వాత ఆ మూత ఆ కారుకే తిరిగి బిగిసేది.

వీటన్నిటికంటే నేను చూడలేకపోయినది మరొకటి. కారు అడుగు భాగంలో తుప్పు కనిపిస్తే గోటితో గీరి, నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు.

"ఉప్పండీ. ఆకివీడు పక్క రొయ్యల చెరువుల్లో తిరిగిన బండి. కొల్లేటికోట బండి అయితే ఇంత ఉప్పుండదు, బురద రుచి తగులుతుంది."

చుట్టూ ఉన్నవారు ఆశ్చర్యపోయేవారు. ఆయన చెప్పింది నిజమో కాదో ఎవరూ పరీక్షించలేదు. తుప్పును రుచి చూసినవాడు దాన్ని గీకి, ఎర్రరంగు పూసి, పైన నల్లరంగు కొట్టి పంపేవాడన్న సంగతి మాత్రం నాకు తెలుసు. తుప్పు లోపలే ఉండేది.

ఆయన నోట ఎక్కువగా వినిపించిన మాట "సర్దుకుంటుందండీ" అన్నది. బ్రేకు గట్టిగా ఉందంటే సర్దుకుంటుందండీ. తలుపు సరిగా పడటం లేదంటే సర్దుకుంటుందండీ. ఒక లారీ డ్రైవరు వచ్చి "మేస్త్రిగారూ, స్టీరింగు ఎడంపక్కకి లాగేస్తోందండీ" అని మొత్తుకోవడం నేను స్వయంగా విన్నాను.

"మీరు కుడిపక్కకి లాగండి" అన్నాడాయన. "నాలుగు రోజులకి ఇద్దరూ సర్దుకుంటారు."

డ్రైవరు నవ్వాడు. అక్కడున్నవారందరూ నవ్వారు. లారీ అలాగే రోడ్డెక్కింది. నేను నవ్వలేదు గనుక ఆ పూట నేనే అక్కడ వింతమనిషినయ్యాను.

నిజానికి ఆయన విద్య చప్పుడును చంపడం. బండిలో చప్పుడు వస్తోందంటే అది ఒక లోపం పెట్టే మొర అని నేను విద్యార్థులకు బోధించాను. ఆయన ఆ మొరను వినేవాడు. చాలా శ్రద్ధగా, చెవి రేకుకు ఆనించి వినేవాడు. తర్వాత సైకిలు ట్యూబు ముక్కో, గోనె పీలికో, పిడికెడు గ్రీజో పెట్టి దాని నోరు మూసేవాడు. లోపం అలాగే ఉండేది. బండి యజమాని నిశ్శబ్దంగా ఇంటికి వెళ్లి, మంచి చెయ్యి అని పదిమందికి చెప్పేవాడు.

అలా నోరు మూసిన మర్నాడు ఆ యజమాని ఇంటికి ఒక కొరమేను చేరేది. చెరువుల ఆసాములందరూ ఆయనకు కావలసినవారే, చేపకు కొదవ లేదు. "నిన్న మీకు శ్రమయిందండీ, పిల్లలకి పులుసు పెట్టించండి" అనేవాడు. మా ప్రాంతంలో కొరమేను ఇస్తే ఎవరూ కాదనరు. తిన్న తర్వాత ఫిర్యాదు చెయ్యరు. నా స్కూటరు బాగుచేసిన మర్నాడు మా గేటుకు కూడా ఒక సంచి వేలాడింది. నేను చేప తింటాను. ఆ చేపను మాత్రం అప్పుడే తిప్పి పంపించి, స్కూటరును విప్పి చూశాను. సైలెన్సరు పగులు మీద రేకు చుట్టి, దాని మీద వెండి రంగు పూసి ఉంది.

ఇంత తెలిసినవాణ్ణి మళ్లీ ఆయన షెడ్డు ముఖం ఎందుకు చూశానంటే, దానికి కారణం మా మేనకోడలు.

మా చెల్లెలి కూతురు తాడేపల్లిగూడెంలో ఒక కళాశాలలో పాఠాలు చెబుతుంది. ఏలూరు నుంచి రోజూ హైవే మీద వెళ్లి వస్తుంది. చదువుకునే రోజులనుంచి ఆమెకు ఒక కోరిక ఉండేది. అది తీరిన రోజున ఎర్రగా, నేలకు ఆనుకున్నట్లుండే స్పోర్ట్స్ కారు ఒకటి మా గేటు ముందు ఆగింది. కొత్తది కాదు. కైకలూరు దగ్గర చేపల చెరువులున్న ఒక ఆసామి సరదాకు కొని, సరదా తీరాక అమ్మాడు.

"రెండే సీట్లు ఉన్నాయి. పెద్దవాళ్లం ఎక్కడ కూర్చోవాలి?" అన్నాను.

"మీరు మీ స్కూటరు మీద వెనకాల రండి మావయ్యా. నేను నెమ్మదిగానే పోతాను, నా వెనకే చూసుకుంటూ రావచ్చు" అంది.

ఆమె సంతోషాన్ని పాడుచేయదలచుకోలేదు. బండి ఎవరు పరీక్షించారని మాత్రం అడిగాను. ఆ షెడ్డు ఆయన పేరే చెప్పింది. చెక్కు చెదరని బండి అని, తన సొంత కూతురికైనా ఇదే ఇప్పిస్తానని ఆయన అన్నాడట. ఆ మర్నాడు కొరమేను కూడా పంపాడట. అది విన్న క్షణంనుంచి నాకు మనసు కుదుటపడలేదు.

కొన్ని నెలలకు వెనుకనుంచి ఒక చప్పుడు మొదలైంది. బ్రేకు వేసినప్పుడు ఒక టక్కు, మలుపు తిరిగేటప్పుడు మరొక టక్కు. కుడివైపు వెనుక టైరు లోపలి అంచు అరిగిపోతోంది. అటువంటి కార్లున్నవారు రాసుకునే విషయాలు చదివి, మా మేనకోడలు కాలర్లు తెప్పించింది.

కాలరంటే ఏమిటో చెప్పాలి. వెనుక చక్రాలను మోసే బలమైన ఇనుప చట్రం ఒకటి కారు అడుగున ఉంటుంది. దాన్ని సబ్‌ఫ్రేమ్ అంటారు. నాలుగు మూలలా నాలుగు పెద్ద బోల్టులతో దాన్ని కారు శరీరానికి బిగిస్తారు. బోల్టు కంటే రంధ్రం కొద్దిగా వెడల్పు. ఆ కొద్ది సందులోనే చట్రం అటూ ఇటూ జరిగి టక్కుమంటుంది. కాలరు ఒక అల్యూమినియం ఉంగరం. బోల్టుకు తొడిగి బిగిస్తే ఆ సందును పూర్తిగా నింపి, బోల్టును రంధ్రం నడిమధ్యన నిలబెడుతుంది. ఇక చట్రం కదలదు. అయితే ఒక నియమం ఉంది. చట్రంలోని రంధ్రమూ, కారు శరీరంలోని రంధ్రమూ ఎదురెదురుగా ఉంటేనే ఉంగరం లోపలికి దిగుతుంది. శరీరం వంకరపోయిన కారులో అది దిగదు. ఆ విధంగా అది మరమ్మతు సామాను మాత్రమే కాదు, సాక్షి కూడా.

ఆ ఉంగరాలను చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు చాలాకాలానికి ఆనందం కలిగింది. ప్రతి అంచూ శుభ్రం, ప్రతి కొలతా ఖచ్చితం. ఎక్కడో ఒక మనిషి తన పనిని గౌరవించాడు. వాటిని ఆయన చేతికి ఇవ్వడం నాకిష్టం లేదు. కానీ అంత కింద ఉన్న బండిని ఎత్తి, అంత బరువైన చట్రాన్ని దించే సరంజామా దగ్గరలో ఆయనకే ఉంది. నేను పక్కనే ఉండి చేయిస్తానని మా మేనకోడలికి మాట ఇచ్చాను. ఆమె శనివారం ఉదయం బండిని షెడ్డులో దించి, కళాశాలకు బస్సెక్కింది.

నేను వెళ్లేసరికి ఆయన బండిని సిమెంటు ఇటుకల మీద నిలబెట్టి, దాని కిందికి సగం దూరి ఉన్నాడు.

"బయటికి రండి" అన్నాను. "ఇటుక పగిలితే ఏమవుతుందో తెలుసా?"

"ఇన్నాళ్లూ పగల్లేదండీ. మిమ్మల్ని చూసి భయపడి ఇవాళ పగులుతుందేమో."

ఇంటికి వెళ్లి నా ఇనుప స్టాండ్లు తెచ్చి, బండిని వాటి మీదకు మార్పించాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఏమీ అనుకోకపోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం. ముందు వైపు రెండు బోల్టులు విప్పి, చట్రాన్ని కాస్త దించి, ఉంగరాలు తొడిగాం. రెండూ బొటనవేలి ఒత్తిడికే కూర్చున్నాయి. వెనుక ఎడమది కూడా కూర్చుంది. కుడిది కూర్చోలేదు. ఆయన ఒకసారి తోశాడు, సుత్తి పిడితో రెండుసార్లు తట్టాడు. తర్వాత నాకూ ఆ రంధ్రానికీ మధ్య తన వీపును అడ్డం పెట్టి, చాలా ప్రేమగా తల తిప్పాడు.

"ఏవండీ మాస్టారూ, ఎండెక్కిపోయిందండీ. లోపల ఫ్యాను కింద కూర్చోండి. మజ్జిగ తెప్పిస్తాను. ఈ ఒక్కటీ నేను చూసుకుంటాను కదండీ."

నిజంగానే ఎండ ఎక్కువగా ఉంది. లోపలికి వెళ్లి కూర్చున్నాను. మజ్జిగ వచ్చింది. గ్లాసు అంచు చూసి పక్కన పెట్టాను. అప్పుడు గ్రైండరు చప్పుడు వినిపించింది.

కాలర్లు బిగించే పనిలో గ్రైండరుకు స్థానం లేదు. పానాలు కావాలి, శుభ్రమైన గుడ్డ కావాలి, బిగింపును కొలిచే టార్క్ రెంచి కావాలి. ఇంకేమీ అక్కరలేదు. నేను లేచి వెళ్లేసరికి రాపిడి పని అయిపోయింది. ఆయన మోకాలి మీద ఉంగరాన్ని పెట్టుకుని, ఎమరీ కాగితంతో నెమ్మదిగా నునుపు చేస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"కొద్దిగా సర్దుతున్నానండీ. కంపెనీవాడు ఈ పక్క కాస్త ఎక్కువ పెట్టేశాడు."

"మూడు సరిపోయాయి కదా. నాలుగోదానికి మాత్రం ఎక్కువెందుకు పెడతాడు?"

"ఒక చెరువులో చేపలన్నీ ఒకే తూకం తూగుతాయాండీ?"

ఉంగరాన్ని ఆయన చేతిలోంచి తీసుకున్నాను. ఒక వైపు గోడ మందంగానే ఉంది. రెండో వైపు కాగితంలా పలచబడింది. దాన్ని వేలికి తొడిగి తిప్పి చూశాను. ఎంత నున్నగా చేశాడంటే, తెలియనివాడు అది అలాగే తయారై వచ్చిందనుకుంటాడు. పని చేతకానివాడు పాడుచేస్తే ఆ వస్తువు మీద జాలి కలుగుతుంది. ఇక్కడ జాలికి చోటు లేదు. వంకరను పట్టించడానికి పుట్టిన వస్తువును, వంకరకు తగినట్లుగా, ఎంతో నైపుణ్యంతో చెక్కిన చెయ్యి నా ఎదుట ఉంది. 

చట్రాన్ని పూర్తిగా దింపించాను. షెడ్డు నేలలో ఒక భాగాన్ని నేనే చీపురు పట్టి ఊడ్చి, కడిగి, ఆరనిచ్చాను. కారు శరీరంలోని నాలుగు రంధ్రాల్లో ఒక్కొక్కదాని నడుమనుంచి దారానికి కట్టిన ఇత్తడి గుండును వేలాడదీసి, అది చూపిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాను. మూల నుంచి మూలకు ఐమూలగా కొలిస్తే రెండు కొలతలూ సమానంగా రావాలి. అగ్గిపుల్ల మందం తేడా వచ్చింది. కుడిమూల నల్లరంగును స్క్రూడ్రైవరుతో గీకాను. రంగు కింద వెల్డింగు గీత బయటపడింది. వరుసగా పేర్చిన నాణేల్లాంటి ఆ గీత ఎవరిదో ఎవరినీ అడగనక్కరలేదు. ఈ చుట్టుపక్కల అంత చక్కగా వెల్డింగు చేసే మనిషి ఒక్కడే.

"ఎప్పుడు?" అన్నాను.

ఆయన గుడ్డతో మెడ తుడుచుకున్నాడు. దాచాలని కూడా చూడలేదు.

"ఆసామి దగ్గర ఉన్నప్పుడేనండీ. చెరువుగట్టు మలుపులో కల్వర్టు గోడకి వెనక భాగం కొట్టింది. పెద్దదేం కాదండీ. లారీకి గొలుసు కట్టి లాగాను. వచ్చేసింది. చూపుకి ఏమన్నా తెలిసిందాండీ మీకు?"

"చూపుకు కాదు. హైవే మీద లారీని తప్పించడానికి ఆమె స్టీరింగు తిప్పితే, వెనుక చక్రం ఆమె మాట వింటుందా?"

"అంత వరకూ ఎందుకు వస్తుందండీ." తర్వాత స్వరం తగ్గించాడు. "అమ్మాయిగారికి చెప్పకండి మాస్టారూ. పాపం ఇష్టపడి కొనుక్కున్నారు. మనసు కష్టపెట్టుకుంటారు. ఈ ఉంగరం వేసేస్తే టక్కు పోతుంది. ఆవిడకి తెలిసింది ఆ టక్కొక్కటే కదండీ."

ఆయన మా మేనకోడలి మీద దయతో ఆ మాట అన్నాడు. నేను నా ఉద్యోగకాలమంతా దొంగలను చూశాను, సోమరులను చూశాను. పరీక్షలో చూసి రాసి, పట్టుబడి ఏడ్చినవారిని చూశాను. వారికి తాము చేసింది తప్పని తెలుసు. ఈ మనిషికి ఆ తెలివిడి ఉండవలసిన చోట దయ ఉంది.

సాయంత్రం మా మేనకోడలు వచ్చింది. సంచి భుజాన ఉంది, ముఖంలో ఆత్రుత ఉంది. చట్రం నేల మీద, సుద్ద గీతలు, గీకిన రంగు అన్నీ చూసి ఆగిపోయింది. నేను ఆమెను గీతల దగ్గరకు తీసుకెళ్లి, టేపు ఆమె చేతికే ఇచ్చి కొలవమన్నాను. కొలిచింది. మళ్లీ కొలిచింది. వెల్డింగు గీతను వేలితో తడిమింది. ఉంగరాన్ని చూసింది. జరిగింది చెప్పాను. ఆయన నేను చెప్పినదానిలో ఒక్క మాట కూడా కాదనలేదు. ఆమె కూర్చోవడానికి స్టూలు తెచ్చి, తుడిచి, పక్కన నిలబడ్డాడు.

ఆమె కూర్చోలేదు. "ఈ బండి దెబ్బతిన్నదని మీకు మొదటినుంచీ తెలుసు" అంది.

"తెలుసమ్మా."

"నేను రోజూ గూడెం వెళ్లి వస్తానని తెలుసు. హైవే మీద."

"తెలియకపోవడమేంటమ్మా. అందుకే కదా, తాళం చేతికిచ్చిన ప్రతిసారీ నెమ్మదిగా వెళ్లండమ్మా, నెమ్మదిగా వెళ్లండమ్మా అని చెప్పేవాణ్ణి."

"మర్యాదకి అంటున్నారనుకున్నానండీ" అంది.

తర్వాత నా వైపు తిరిగి, దీన్ని సరిచేయవచ్చా అని అడిగింది. గొలుసుతో లాగినప్పుడే రేకు సాగిపోయిందని, అతుకు మీద అతుకు వేస్తే బండి నిలబడుతుంది గానీ నమ్మదగినది కాదని, నేనైతే దాన్ని రోడ్డు మీదకు పంపనని చెప్పాను. ఆమె ఆ కారు కోసం ఎన్ని కోరికలు వాయిదా వేసిందో నాకు తెలుసు. ఆమె బానెట్టు మీద ఒకసారి చెయ్యి వేసింది. అంతే.

"అయితే తుక్కు కింద కోయించేయండి మావయ్యా."

నేను బదులు చెప్పేలోపు ఆయన అడ్డం వచ్చాడు. ఆ రోజంతటిలో ఆయన కంగారు పడటం అదే మొదటిసారి.

"కోయడమేంటమ్మా. అంత మాట అనకండి. నాలుగు రోజులు నా దగ్గర వదిలేయండి. జంగారెడ్డిగూడెంలో పామాయిలు తోటలాయన కొడుకు ఇలాంటి బండి కోసమే తిరుగుతున్నాడు. ఎర్రరంగంటే పడి చస్తాడు. ఈ ఉంగరం వేసేస్తే చప్పుడు కూడా ఉండదు. మీరేం నష్టపోరు."

"ఆ అబ్బాయికి కూడా నెమ్మదిగా వెళ్లమని చెబుతారా?" అంది మా మేనకోడలు.

"చెప్తానమ్మా" అన్నాడాయన. ఆమె తన మాట అర్థం చేసుకుందన్న తృప్తి ఆయన ముఖంలో కనిపించింది. "ఎందుకు చెప్పనూ. తప్పకుండా చెప్తాను."

ఆమె సంచిలోంచి తాళం తీసి నా చేతిలో పెట్టింది.

బండిని కోయడానికి ఆయన ఒప్పుకోలేదు. అంత అందమైనదాన్ని కోయడానికి తనకు మనసు రాదన్నాడు. కళ్లు తడిశాయి. అది నటన కాదని నేను సాక్ష్యం చెప్పగలను. తాడేపల్లిగూడెం నుంచి మరొక మనిషిని పిలిపించాం. మర్నాడు పొద్దున్నే అతను సామానుతో వచ్చి, రెండు తలుపుల వెనుకగా సుద్దగీత గీసి పని మొదలుపెట్టాడు. ఎర్రటి రేకు మీద మొదటి కోత పడగానే ఆయన చూడలేక లోపలికి వెళ్లిపోయాడు. మా మేనకోడలు బండి రెండు ముక్కలయ్యేవరకు అక్కడే నిలబడింది.